నాన్నకు సన్మానం వద్దు, సెలవు ఇప్పించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, ఉద్యోగం మానేసి ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్న ఒక తండ్రి గురించి పేజీ నిండా కథనం వేశారు. ఫొటోలో ఆయన చేతిలో గరిటె, చంకలో పాప, వెనకాల ఆఫీసు బ్యాగుతో నవ్వుతూ భార్య. త్యాగమూర్తి అన్నారు, ఆదర్శం అన్నారు, ఇలాంటి నాన్నలు ఊరికొకరు ఉండాలన్నారు. నేనూ ప్రస్తుతం అదే పనిలో ఉన్నాను కాబట్టి చుట్టాలంతా ఆ పేజీని ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశారు. అది చదివి మా ఆవిడ ఒక్కటే అడిగింది, "ఇదే పని నేను చేస్తే నా ఫొటో వేస్తారా?" అని. వేయరు, ఆ సంగతి మీకూ తెలుసు. కానీ నేను ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించి కాదు. అంత పెద్ద కథనంలో ఆయన ఉద్యోగం ఎందుకు మానేయాల్సి వచ్చింది, ఓ ఏడాది సెలవు పెట్టుకుని మళ్లీ చేరే వీలు ఎందుకు లేకపోయింది అన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు. అదేదో ఆయన గుండె గొప్పతనం అన్నట్టు రాశారు. చాలా ఇళ్లల్లో దీన్ని తేల్చేది గుండె కాదండీ, సెలవుల రూల్సు.

మా సంగతే చెబుతాను. మేము ఖమ్మంలో ఉంటాం. నేను ఒక మందుల కంపెనీలో మెడికల్ రెప్‌ని. అంటే మొన్నటిదాకా. మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు, మూడు షిఫ్టుల డ్యూటీ. పెద్దది ఎల్‌కేజీ, చిన్నోడు ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పెద్దదాని టైంలో మా అత్తమ్మ వచ్చి ఏడాది పైన ఉంది కాబట్టి మాకు ఏ రూలూ గుర్తుకు రాలేదు. చిన్నోడు పుట్టాక మామయ్యకు పక్షవాతం వచ్చింది, ఆయన్ని వదిలి ఆమె రాలేదు. మా అమ్మకు మోకాళ్లు అరిగి మెట్లు ఎక్కడమే కష్టం, పాకే పిల్లవాడి వెంట ఎలా పరిగెత్తుతుంది? నిజం చెప్పాలంటే మన రెండు రాష్ట్రాల్లో పిల్లల సంరక్షణ వ్యవస్థ అంటే అమ్మమ్మే. హైదరాబాద్ ఐటీ కంపెనీలు నడుస్తున్నది అమ్మమ్మల మీద. అమెరికాలో కాన్పులు కూడా ఆరు నెలల విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మమ్మల మీదే గడుస్తున్నాయి, ఆమె తిరుగు ప్రయాణం దగ్గర పడగానే నానమ్మకు టికెట్ బుక్ చేస్తారు. వాళ్లకు జీతం లేదు, సెలవు లేదు, బీపీ మాత్రలు మాత్రం వాళ్ల సంచిలోనే ఉంటాయి. ఆమె రాలేని పరిస్థితి వచ్చిన రోజు ఆ ఇంటికి ప్రభుత్వం తరఫున ఏముందో అప్పుడు తెలుస్తుంది.

ఏముందో నేను చూశాను. రాష్ట్ర ప్రభుత్వంలో ఆడవాళ్లకు 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది, మంచిది, అది ఉండాల్సిందే. దాని తర్వాత తెలంగాణలో పిల్లల సంరక్షణ సెలవు అని 90 రోజులు ఇస్తారు, అదీ ఒకేసారి కాదు, విడతలుగా. ఆంధ్రాలో అదే సెలవును 2022లో 60 రోజుల నుంచి 180కి పెంచారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే మొత్తం సర్వీసులో 730 రోజులు. ఇక మగవాళ్ల దగ్గరికి వస్తే, ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు. కేంద్రంలో ఆ 730 రోజుల సెలవు 2018 నుంచి మగవాళ్లకు కూడా ఇస్తున్నారు కానీ ఒంటరి తండ్రులకు మాత్రమే. అంటే భార్య చనిపోయి ఉండాలి, లేదా విడాకులు అయి ఉండాలి, లేదా అసలు పెళ్లే అయి ఉండకూడదు. భార్య బతికి ఉండి, ఉద్యోగం చేస్తూ, నైట్ డ్యూటీకి వెళ్తూ ఉంటే మాత్రం ఆ తండ్రికి పిల్లలతో పని లేదని ప్రభుత్వం లెక్క. ఒంటరి తండ్రులకు ఇవ్వడం తప్పు అనడం లేదు నేను, వాళ్ల కష్టం ఇంకా పెద్దది. కానీ తండ్రి పిల్లల్ని చూసుకోవడానికి తల్లి లేకపోవడం అర్హత ఎలా అవుతుంది?

ఇదంతా ప్రభుత్వ ఉద్యోగుల ముచ్చట. ప్రైవేటులో మగవాడికి ఒక్క రోజు పితృత్వ సెలవు ఇచ్చి తీరాలన్న చట్టం కూడా దేశంలో లేదు. కంపెనీ దయ. పెద్ద ఐటీ కంపెనీలు కొన్ని వారాలు ఇస్తున్నాయి, బయట మాత్రం "బాబు పుట్టాడా, స్వీట్లు ఏవి" అనే వరకే. మా రెప్‌ల కోసమే 1976లో ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. పని చేసిన కాలంలో పదకొండో వంతు జీతంతో సెలవు, పద్దెనిమిదో వంతు సగం జీతంతో డాక్టర్ సర్టిఫికెట్ మీద సెలవు అని అంత పద్ధతిగా లెక్క కట్టిన ఆ చట్టంలో తండ్రి అన్న ఊసే లేకపోయింది. అప్పటి కాలం అలాంటిది అనుకుందాం. మరి 2017లో? ఆ ఏడాదే ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, 50 మంది, అంతకు పైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలన్నారు, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డను చూసి రావొచ్చన్నారు. తండ్రి ఎన్నిసార్లు వెళ్లొచ్చో రాయలేదు. (నా ఆఫీసు నా బండే అనుకోండి, దాని మీద శిశు సంరక్షణ కేంద్రం ఎక్కడ పెడతారు, అది వేరే విషయం.) అదే 2017లో రాజీవ్ సాతవ్ అనే మహారాష్ట్ర ఎంపీ లోక్‌సభలో పితృత్వ ప్రయోజన బిల్లు ఒకటి ప్రవేశపెట్టారు. ప్రైవేటులోనూ, అసంఘటిత రంగంలోనూ తండ్రులకు 15 రోజులు, అవసరమైతే మూడు నెలల దాకా సెలవు అని. అది ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా ఒక సభ్యుడు సొంతంగా పెట్టింది, అక్కడే ఆగిపోయింది. ఆయన 2021లో కరోనా తర్వాత చనిపోయారు.

నేను మా కంపెనీలో అడిగింది జీతం కూడా కాదు. జీతం లేకుండా కొన్ని నెలలు సెలవు ఇవ్వండి, నా ఏరియా వేరేవాళ్లకు ఇవ్వండి, తిరిగి వచ్చాక ఏ ఏరియా ఇచ్చినా చేస్తాను అన్నాను. మేనేజరు మంచివాడే, ఇద్దరు పిల్లల తండ్రి. "మీ మిసెస్‌ని మానేయమనొచ్చుగా" అన్నాడు. తనకు ప్రభుత్వ ఉద్యోగం సార్ అంటే, "అయితే లక్కీ కదా, నువ్వే మానెయ్" అని నవ్వాడు. మా ఇంట్లో మేమిద్దరం కూర్చుని లెక్క వేసుకుంటే కూడా అదే తేలింది. నా జీతంలోంచి ఆయాకూ, పెట్రోలుకూ, బయట తిండికీ పోగా మిగిలేది చూస్తే, పిల్లల్ని పరాయివాళ్ల దగ్గర పెట్టి నేను రోడ్ల మీద తిరగడంలో అర్థం లేదు. అందుకని మానేశాను. త్యాగం లేదు, ఆదర్శం లేదు, కాగితం మీద కూడికలూ తీసివేతలూ ఉన్నాయి. రేపు చిన్నోడు బడికి వెళ్లాక మళ్లీ ఉద్యోగానికి వెళ్తే ఈ ఖాళీ ఏంటని అడుగుతారు. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి, నాకు ఇంకా నిండలేదు. సెలవు మీద ఉండి ఉంటే కనీసం నా ఉద్యోగం నాకుండేది.

సెలవు ఇస్తే పని ఆగిపోతుందంటారు. 2020 డిసెంబరులో విరాట్ కోహ్లీ మొదటి కాన్పుకు భార్య దగ్గర ఉండాలని ఆస్ట్రేలియా టూరు మధ్యలోనే ఇంటికొచ్చేశాడు, అదీ అడిలైడ్‌లో 36 పరుగులకే కుప్పకూలిన టెస్టు తర్వాత. కెప్టెన్ అలా వెళ్లొచ్చా అని ఎన్ని చర్చలు! చివరికి రహానే కెప్టెన్సీలో సిరీస్ 2-1తో మనమే గెలిచాం. ఇండియా టీమే ఆగలేదు, ఖమ్మం, మధిర, సత్తుపల్లి ఏరియాలో దగ్గు మందు అమ్మకం ఆగుతుందా? అయితే ఆ టూరులోనే ఉన్న నటరాజన్‌కు ఐపీఎల్ జరుగుతున్నప్పుడు కూతురు పుట్టింది, అట్నుంచి అటే ఆస్ట్రేలియా వెళ్లాడు, పాపను చూసింది తిరిగొచ్చాకే. అప్పుడే ఛాన్సు దొరికిన బౌలరు నాకు సెలవు కావాలని ఎలా అడుగుతాడు? కోహ్లీ అంతవాడైతే అడగ్గలడు. అందుకే దీన్ని ఎవరి పలుకుబడిని బట్టి వాళ్లకు కాకుండా, అందరికీ రూల్‌గా పెట్టాలంటున్నాను.

ఇక జనం మాటలు. పొద్దున పెద్దదాన్ని బడి దగ్గర దింపి చిన్నోడిని ఎత్తుకుని కూరగాయలకు వెళ్తే, "ఏం సార్, ఇంకా ఎక్కడా దొరకలేదా?" అంటారు. నేను వెతకడం లేదండీ అంటే నమ్మరు, పాపం పరువు కోసం అలా చెబుతున్నాడు అనుకుంటారు. మా వైపు ఒక పెద్దాయన అయితే మా నాన్నతో "మీవాణ్ని కోడలు వంటింట్లో కూర్చోబెట్టిందటగా" అన్నాడట. విచిత్రం ఏంటంటే మా పెదనాన్న కొడుకు డాలస్‌లో కొన్నేళ్లు ఇదే పని చేశాడు. వదినకు ఉద్యోగపు వీసా హెచ్1బీ, ఆయనకు భర్తగా వచ్చే హెచ్4, అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేసే వీలే లేదు, 2015 మే తర్వాతే గ్రీన్‌కార్డు వరసలో కొంత దూరం వచ్చినవాళ్ల భర్తలకూ భార్యలకూ పని అనుమతి ఇచ్చారు. అప్పటిదాకా ఇద్దరు పిల్లలకు డయపర్లు మార్చింది, లంచ్ బాక్సులు కట్టింది ఆయనే. ఊళ్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అంటే మగవాడు ఇంట్లో ఉండటం మనవాళ్లకు మరీ అంత కొరుకుడు పడని విషయమేం కాదు, పైనుంచి ఏదో ఒక రూలు వచ్చి కట్టేసింది అంటే చాలు, పరువు నిలబడుతుంది. అమెరికా వీసా రూలుకు ఉన్న మర్యాద మన సొంత సెలవు రూలుకు కూడా వస్తుందని నాకనిపిస్తుంది. "సెలవు మీద ఉన్నాను" అని చెప్పే తండ్రిని ఎవరూ ఎగాదిగా చూడరు.

మా ఆవిడకు వచ్చే మాటలు వేరు, అవి ఇంకా ఘోరం. వార్డులో పేషెంట్ల అటెండెంట్లు కూడా "చంటి పిల్లాణ్ని మగాడి దగ్గర వదిలి ఎట్లొస్తున్నవమ్మా" అంటారట. నైట్ డ్యూటీ చేసి వాళ్ల పేషెంటుకే సెలైన్ పెడుతున్న మనిషిని! నన్ను అనేవాళ్లు జాలిపడో వెక్కిరించో వదిలేస్తారు, ఆమెకు మాత్రం తప్పు చేశావన్నట్టు చెబుతారు. ఈ విషయంలో ఎక్కువ భారం మోస్తున్నది ఎవరు అంటే నేను కాదు.

రోజువారీ ఇబ్బందులు రాయమంటే చాలా ఉన్నాయి, ఒకటి రెండు చెబుతాను. మా పాప స్కూల్లో హోంవర్కు, సెలవులు, అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెడతారు. అందులో తల్లుల నంబర్లే చేర్చుకుంటారు. నా నంబరు ఇస్తే టీచరు మర్యాదగానే "మేడం నంబరు ఇవ్వండి సార్" అంది. మేడం ఫోను డ్యూటీలో లాకర్లో ఉంటుంది. పాపకు జ్వరం వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా స్కూలువాళ్లు ఆ నంబరుకే ఫోన్ చేస్తూ కూర్చున్నారు, నేను అక్కడికి రెండు వీధుల అవతల ఇంట్లో రాగి జావ కాస్తున్నాను.

రెండోది బాత్‌రూమ్. ఇది ఆడపిల్ల ఉన్న తండ్రులకే అర్థమవుతుంది. ఏ బస్టాండుకైనా వెళ్లండి. నాలుగేళ్ల పాప "నాన్నా, ఒంటికి" అంటుంది. మగవాళ్ల వైపు తీసుకెళ్తే అక్కడ వరసగా నిలబడ్డ మనుషులు, ఆ తడి, ఆ వాసన, ఆ బూతు రాతలు, పిల్ల కళ్లు మూసి ఎత్తుకుని లోపలి గదిలోకి పోవాలి. ఆడవాళ్ల వైపు నేను వెళ్లలేను, పిల్లను ఒక్కదాన్ని పంపలేను. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి వెళ్తున్న ఎవరో తెలియని ఆవిడను "అక్కా, కాస్త చూడవా" అని బతిమాలాలి. చాలామంది మంచిగానే తీసుకెళ్తారు. కొందరు అనుమానంగా చూస్తారు, వాళ్లదీ తప్పు కాదు, రోజులు అలా ఉన్నాయి. చిన్నోడికి డయపర్ మార్చాలంటే ఇంకో తంటా. పాలిచ్చే తల్లులకు గది ఉంటుంది, అది వాళ్లకే ఉండాలి, అందులోకి మగవాళ్లు వెళ్లకూడదు. కానీ పిల్లవాడిని పడుకోబెట్టి శుభ్రం చేయడానికి మోచేయంత బల్ల, ఒక కుళాయి ఎవరైనా వెళ్లగలిగిన చోట ఉంటే ఏం పోతుంది? నేను బెంచీ మీద తువ్వాలు పరిచి మారుస్తుంటే చుట్టూ జనం సినిమా చూసినట్టు చూస్తారు, ఒక ముసలావిడ మాత్రం వచ్చి "లే నాయనా, నీకు చేతకాదు" అని నన్ను పక్కకు నెట్టి తనే మార్చేసింది. నాకు బాగానే చేతనవును, కానీ ఆవిడతో ఎవరు వాదిస్తారు!

అంగన్‌వాడీలో మాత్రం నాకు ఇబ్బంది రాలేదని చెప్పాలి. బాలామృతం ప్యాకెట్టుకు వెళ్తే టీచరమ్మ సంతకం పెట్టించుకుని ఇచ్చేసింది. టీకాలకు బుధవారమో శనివారమో తీసుకెళ్తే ఏఎన్ఎం కూడా అంతే. పని తెలిసినవాళ్లకు పిల్లవాడు ముఖ్యం, ఎవరు ఎత్తుకొచ్చారన్నది కాదు.

మన దేశంలో ఇంటి పని ఎవరు ఎంతసేపు చేస్తున్నారో కేంద్ర ప్రభుత్వమే సర్వే చేసి లెక్క తీసింది. 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల్నీ, పెద్దల్నీ చూసుకునే పనిలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఉంటే మగవాళ్లలో 21.4 శాతం. ఇంకో సంగతి, ఈ నిమిషాలు ఆ పని చేస్తున్నవాళ్ల సగటు. అసలు ముట్టుకోనివాళ్లను కూడా కలిపితే మగవాళ్ల 88 ఎంతకు దిగుతుందో మీరే ఊహించుకోండి. ఇలాంటి సర్వేనే 2019లో చేస్తే 299, 97 అని వచ్చింది. ఆ అంకెలను 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావించింది మన జస్టిస్ ఎన్.వి. రమణ గారే. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసు అది. ఇల్లు చూసుకునేవాళ్లు పని చేయడం లేదనుకోవడం తప్పు, పరిహారం ఇచ్చేటప్పుడు వాళ్లకూ ఆదాయం లెక్కగట్టాలి అన్నారు. అంతకు ముందు 2010లో కూడా ఇంకో ప్రమాదం కేసులో, గృహిణులను జనాభా లెక్కల్లో బిచ్చగాళ్లతో, ఖైదీలతో ఒకే గాటన కట్టడాన్ని అదే కోర్టు తప్పుపట్టింది. నాకు అప్పుడప్పుడు ఒక చెడ్డ ఆలోచన వస్తుంది, రేపు నన్ను లారీ గుద్దితే ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ వాళ్లు నన్ను ఏ ఖాతాలో రాస్తారు? నిరుద్యోగి అంటారా, ఇల్లు చూసుకునేవాడు అంటారా? మా ఆవిడతో అంటే తిట్టింది, అయినా అడగాల్సిన ప్రశ్నే.

బయటి దేశాల సంగతి ఎత్తితే "వాళ్లు డబ్బున్నవాళ్లు" అంటారు కాబట్టి స్వీడన్ గురించి ఒక్క ముక్కతో ఆపేస్తాను. అక్కడ 1974 నుంచే ఈ సెలవు తల్లిదండ్రులిద్దరిదీ, ఇప్పుడు బిడ్డకు 480 రోజులు. అందులో 90 రోజులు తండ్రి పేరు మీద విడిగా ఉంటాయి, ఆయన వాడుకోకపోతే పోతాయి తప్ప తల్లికి మారవు. కీలకం అదే. "నువ్వు తీసుకోకపోతే పోతుంది" అంటే మన తెలుగు మగవాడు మాత్రం వదులుకుంటాడా? డబ్బున్న దేశం కాదు, మన సిక్కిం లాంటి చిన్న రాష్ట్రమే 2023లో ప్రభుత్వ ఉద్యోగులైన తల్లులకు ఏడాది, తండ్రులకు నెల రోజులు సెలవు ప్రకటించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా 15 రోజుల దగ్గరే ఉన్నాయి. ఆ 15 రోజుల్లో సగం ఆసుపత్రిలో, మిగతా సగం బారసాల పనుల్లో పోతాయి.

కాబట్టి నేను అడిగేది ఇది. ప్రభుత్వ ఉద్యోగుల్లో పిల్లల సంరక్షణ సెలవును భార్య ఉన్న తండ్రులు కూడా తీసుకునేలా రూలు మార్చాలి. తల్లి వాటాలోంచి కోయకుండా, విడిగా. ప్రైవేటులో జీతంతో ఇవ్వలేమంటే జీతం లేకుండానైనా ఆరు నెలలో, ఏడాదో ఉద్యోగం పోకుండా ఇంట్లో ఉండే హక్కు చట్టంలో రాయాలి. దీనికి పార్లమెంటు కావాలి, మన రెండు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభ సభ్యులు ఉన్నారు, ఒక్కరైనా ఆ ఆగిపోయిన బిల్లును బయటకు తీయొచ్చు. బస్టాండుల్లో, పెద్దాసుపత్రుల్లో పిల్లలతో వచ్చిన ఎవరైనా వాడుకునే ఒక బాత్‌రూమ్ గది కట్టడానికి పార్లమెంటు కూడా అక్కర్లేదు.

మీకూ ఒక విన్నపం. నాలాంటివాళ్ల మీద మళ్లీ కథనం వేస్తే ఫొటో కొంచెం చిన్నది చేసి, ఆయన పనిచేసిన కంపెనీకి కూడా ఫోన్ చేయించండి. ఈయన సెలవు అడిగాడా, అడిగితే మీరేం చెప్పారు అని మీ విలేకరితో అడిగించి, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు పక్కనే వేయండి. ఫోన్ ఎత్తకపోతే ఎత్తలేదని వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఖమ్మం